శార్వరి నామ సంవత్సరము

2020 మార్చి 25న, ఉగాదినాడే, కరోనా కారణమున దేశమంతయు తలుపులు మూసికొనెను. ఆ సంవత్సరము పేరు శార్వరి, అనగా రాత్రి. పేరు పెట్టిన పెద్దల ముందుచూపునకు జోహారులు!

జూన్ 9న తమిళనాట పదవతరగతి పరీక్షలు రద్దయ్యెను. తెలుగు పాఠమునకు ఎన్నడును చూపని శ్రద్ధతో మన పిల్లలు ఆ ప్రకటనను చదివిరి.

వీధిలో తమిళము, ఫోనులో ఇంగ్లీషు. వారికి తెలుగక్షరము కనబడునది బడిలోనే. ఆ బడి చిన్నతరగతులకు 2021 నవంబరు 1న గాని తెరువబడలేదు. అన్నాళ్లును ఓనమాలు దిద్దించినవారు అవ్వలే. దిద్దించుచు, తాము మరచిన బండి ఱను గూడ వారు మరల నేర్చుకొనిరి.

తరువాతి సంవత్సరము ప్లవ, అనగా తెప్ప. తెప్పతోపాటు రెండవ అలయు వచ్చెను! ఆప్తులను కొందరిని కోల్పోయియు ఒడ్డు చేరితిమి. బడి మరల తెరిచితిమి. ఇండ్లలోని అవ్వల బడిని మాత్రము మూయవలదని మా మనవి.