తుడిచిన దీపం, నింపిన చమురు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఒక లైట్‌హౌస్ చరిత్ర మనవి చేస్తాను. స్కాట్లాండుకు చెందిన లూయిస్ ద్వీపానికి పడమరగా సుమారు 20 మైళ్ళ దూరంలో ఫ్లానన్ దీవులున్నాయి. వాటిలో పెద్దదైన ఐలీన్ మోర్ మీద 1899 డిసెంబరు 7న మొదటిసారి దీపం వెలిగింది. జనావాసం లేని ఆ దీవిలో ఒక్కసారికి ముగ్గురు ఉద్యోగులు డ్యూటీలో ఉండేవారు.

ఏడాది తిరిగింది. 1900 డిసెంబరు 20న రావలసిన హెస్పరస్ ఓడ, వాతావరణం బాగులేక 26న వచ్చింది. డ్యూటీలో చేరడానికి వచ్చిన జోసెఫ్ మూర్ పైకి వెళ్ళి చూస్తే లోపల ఎవరూ లేరు. జేమ్స్ డ్యూకట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మెకార్థర్ ఇక కనిపించలేదు. వారి శవాలు కూడా దొరకలేదు.

ఆ పైన కథలు పుట్టాయి. 1912లో గిబ్సన్ అనే కవి పడిపోయిన కుర్చీ, ముట్టని భోజనం అని పద్యం రాశాడు. భయంతో ఏడ్చారని చెప్పే దొంగ డైరీ రాతలూ ప్రచారమయ్యాయి. కొందరు దయ్యాలన్నారు, కొందరు తగాదా అన్నారు.

అయితే సూపరింటెండెంట్ మ్యూర్‌హెడ్ విచారణ నివేదికలో ఉన్నది వేరు. వంటగిన్నెలు కడిగి ఉన్నాయి. దీపం తుడిచి, చమురు నింపి, రాత్రికి సిద్ధంగా ఉంది. 15వ తేదీ ఉదయం 9 గంటల వరకు వాతావరణ వివరాలు పలక మీద రాసి ఉన్నాయి. పడమటి రేవులో సముద్రానికి 110 అడుగుల ఎత్తున ఉంచిన తాళ్ళ పెట్టె కొట్టుకుపోయింది, ఇనుప కమ్మీలు వంగిపోయాయి. ఆ మధ్యాహ్నం సామాను భద్రపరచడానికి వెళ్ళినవారిని పెద్ద అల లాగేసి ఉంటుందని ఆయన అభిప్రాయం. మెకార్థర్ కోటు లోపలే ఉండిపోయింది.

మిత్రులారా, డ్యూకట్‌కు, మెకార్థర్‌కు భార్యాపిల్లలున్నారు. చనిపోయిన ఉద్యోగి తన మాట తాను చెప్పుకోలేడు. అతని పక్షాన మాట్లాడేది అతను చేసిన పని, రాసిన రికార్డు మాత్రమే. ఫైళ్ళతో, రిజిస్టర్లతో జీవితం గడిపిన మనకు ఇది కొత్త సంగతి కాదు.

1971లో ఆ లైట్‌హౌస్ స్వయంచాలకమైంది. దీపం నేటికీ వెలుగుతోంది, కాపలాకు మనిషి లేడు. మీ మనుమలకు ఈ కథ చెప్పేటప్పుడు పడిపోయిన కుర్చీ మాట వదిలి, తుడిచిన దీపం మాట చెప్పండి.