కాల్డర్: పగటి ఉద్యోగం, సాయంత్రపు చిత్రాభ్యాసం

అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ శిల్పుల ఇంట పుట్టినప్పటికీ, 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొంది, ఇంజనీరుగానూ, కొలతలతో సాంకేతిక పటాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గానూ పలుచోట్ల పనిచేసి, 1922లో న్యూయార్క్‌లో సాయంత్రపు చిత్రలేఖన తరగతులలోనూ, మరుసటి ఏడు ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అనే కళాశిక్షణ సంస్థలోనూ చేరారు. ఆ ఉద్యోగపు సంవత్సరాలను వ్యర్థకాలంగా లెక్కించడం తొందరపాటే అవుతుంది. ఏమంటే 1930ల నుండి ఆయన రూపొందించిన మొబైళ్ళలో, అనగా తీగలకు వేలాడుతూ గాలికి కదిలే శిల్పాలలో, ఆధారబిందువుకు ఇరువైపులా బరువును దూరంతో గుణించగా వచ్చే విలువలు సమానమైతేనే కడ్డీ ఒరిగిపోకుండా నిలుస్తుందన్న యంత్రశాస్త్ర సూత్రమే ప్రాణాధారం. చిత్రమేమంటే, వాటిని ఆయన గణితంతో కంటే చేతి అంచనాతోనే, అడుగున ఉండే అతి చిన్న రేకుతో మొదలుపెట్టి పైకి కూర్చుకుంటూ పోయేవారు.