పిల్లలను విదేశాలకు పంపే ముందు లెక్క వేసుకుందాం
(పరకాలలో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడు మన మీటింగుల్లో పొదుపు, కిస్తీల ముచ్చట అయినంక ఎక్కువగా వచ్చిన మాట ఒక్కటే: "పిల్లగాన్ని అమెరికా పంపాల్నా, వద్దా?" ఒక అక్క పట్టాదారు పాస్‌బుక్ పట్టుకొనే మీటింగుకు వచ్చింది. ఉన్నది రెండెకరాల పత్తి చేను. బయట కుదువపెట్టి కొడుకును ఎంఎస్‌కు పంపుతనన్నది. మేము పంపుమనలేదు, వద్దనలేదు. సంఘంల అప్పు ఇచ్చేముందు ఎట్ల అడుగుతమో అట్లనే అడిగినం.

మొదటిది మిత్తి. 20 లక్షలకు నూటికి రూపాయి లెక్కన నెలకు 20 వేలు. రెండేండ్ల కోర్సు, ఆపైన ఒక ఏడాది బ్యాంకు కిస్తీ అడగకపోవచ్చు, కాని మిత్తి ఆగదు. 36 నెలలకు 7 లక్షల 20 వేలు. బయట రెండు రూపాయల మిత్తి అయితే 14 లక్షల 40 వేలు.

రెండోది, "అక్కడ పని చేసి కట్టుకుంటడు" అనే మాట. అమెరికాలో చదువుకునే పిల్లలకు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పనికి అనుమతి. దొంగచాటుగా బయట చేస్తే వీసాకే ముప్పు.

మూడోది యూనివర్సిటీ. 2019 జనవరిలో మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడ్డది. అక్కడి ప్రభుత్వ అధికారులే దొంగ అడ్మిషన్లను పట్టుకోను పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అది. సార్లు లేరు, క్లాసులు లేవు. దొరికిన వాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. క్లాసుకు పోనక్కర లేదు, ఫీజు కట్టి పని చేసుకోమంటే అది చదువు కాదని మనం గుర్తుపట్టాలె.

నాలుగోది సర్కారు సాయం. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా పూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి స్కాలర్‌షిప్ ఉన్నయి. 20 లక్షల వరకు ఇస్తరు. ఇంటి ఆదాయం, మార్కులు, పరీక్షల స్కోరు చూస్తరు. దరఖాస్తు ఈపాస్‌లో. పైసలు విడతలుగా, పిల్లలు అక్కడికి చేరినంకనే వస్తయి. కాబట్టి టికెట్‌కు, మొదటి ఫీజుకు మనమే చూసుకోవాలె.

ఈ లెక్కంతా పక్కన కూర్చొని విన్న ఆ అక్క కొడుకే, "అమ్మా, ఒక్క ఏడాది ఆగుత" అన్నడు. ఇప్పుడు ఇక్కడ కొలువు చేసుకుంట పరీక్షకు చదువుతున్నడు. చేను అక్క చేతిలనే ఉన్నది. ఇంకో చెల్లెకు విద్యానిధి మంజూరైంది, లెక్క కుదిరింది, బిడ్డను పంపింది. ఆడపిల్లని వెనక్కి లాగలేదు. ఆ రోజు మేమందరం బస్టాండు దాకా పోయి సాగనంపినం.

అక్కలారా, పోవుడు తప్పు కాదు, ఆగుడు చిన్నతనం కాదు. పక్కింటోళ్ల పిల్లగాడు పోయిండని మాత్రం సంతకం పెట్టొద్దు. కొలువు రెండేండ్లు ఆలస్యమైతే కిస్తీ ఎవరు కడతరు? ఆ జవాబు ఇంట్ల అందరి ముందు దొరికినంకనే పాస్‌బుక్ బయటికి తీయాలె. ఒక్కదానివే తేల్చుకోలేకపోతే మీటింగుకు తీసుకరా, కలిసి లెక్క వేద్దాం.