కారు మారకము



ఇంగ్లండున నివసించు నేను ఈ యేడు నా పాత కారు నిచ్చి, పైన కొంత సొమ్ము చేర్చి, వేఱొకటి గొంటిని. రెండును చిన్న కారులే. వెనుక తలుపు మీదికి లేచును. ఇంజను మిక్కిలి బలమైనది. అచ్చటివారు వీనిని హాట్ హ్యాచ్‌లందురు.

1976లో జర్మనీయందు వెలువడిన గోల్ఫు జి.టి.ఐ. ఈ తరగతికి పేరు దెచ్చెను. దాని బలము 110 గుఱ్ఱములది. బరువు సుమారు 810 కిలోలు. 2013 నాటి గోల్ఫు జి.టి.ఐ. బలము 220, బరువు 1,300 కిలోలకు పైమాట. పెరిగిన బరువులో ప్రాణము గాచు ఉక్కును, చప్పుడు నడంచు పొరలును గలవు.

నా పాత కారు స్ప్రింగులు గట్టివి. దారిలోని గులకరాయి సైతము చేతికి దెలియును. తోలువాని కది వేడుక. వృద్ధురాలగు మా తల్లికి నడుమునొప్పి. ఆమె కారెక్కుటయే మానెను. క్రొత్తదానిలో సుఖముగ నిద్రించుచున్నది.

అయిన నొక మాట. అచ్చటి పెద్దబాటలపై గంటకు 70 మైళ్లు మించరాదు. మెత్తని కారులో ఆ వేగము 40 మైళ్లవలె దోచును. కావున వేగము జూపు ముల్లుపై కన్నుంచవలెను. పొగరు కోడె బండివానిని నిద్రింపనీయదు. సాధువైన యెద్దు నిద్రపుచ్చును. మెత్తని బండి తోలువాడే మిక్కిలి మెలకువ గలిగి యుండవలెను.