మాట మారితే పాట మనవైపు తిరుగుతుంది
(తాటిపాకలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత పాటను కొత్తవాళ్లు పాడితే మనలో కొందరు ‘అసలు పాటలా లేదే’ అని పెదవి విరుస్తారు. మరికొందరు ‘ఎవరిదో పాట ఎత్తుకొచ్చారు’ అంటారు. ఈ రెండు మాటలూ పాటను కొట్లో అమ్మే సరుకుగా చూసేవే. ఉద్యమంలో పాట సరుకు కాదు. ఎవరు పాడుతున్నారు, ఎవరి ముందు పాడుతున్నారు, ఎవరిని నిలదీస్తున్నారు - ఈ మూడూ మారితే, ఒక్క అక్షరం మారకపోయినా అర్థం మారిపోతుంది.

‘బండెనక బండి’ సంగతే చూడండి. అది గద్దర్ రాసిన పాటే అని చాలామంది అనుకుంటారు. కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట. ఆ పోరాటంలోనే ఆయన ప్రాణాలిచ్చారు. నిజాం సర్కారు ఇంకా ఉండగానే ఆ సర్కారును నిలదీసిన పాట అది. ఆనాడు దాన్ని పాడటమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. దానితోపాటు పాట కూడా పోవాలి కదా? పోలేదు. 1980లో విడుదలైన ‘మాభూమి’ సినిమాలో గద్దర్ స్వయంగా తెరమీద కనబడి ఆ పాట పాడారు. ఎమర్జెన్సీ ముగిసి అప్పటికి మూడేళ్లే. హాల్లో కూర్చున్నవాళ్లకు నిజాం ఒక్కడే గుర్తొచ్చి ఉంటాడా? 2000 దశకంలో ప్రత్యేక తెలంగాణ సభల్లో మళ్లీ అదే పాట మోగింది. నిజాం పేరు అలాగే ఉంది. కానీ వింటున్నవాళ్ల మనసులో ఉన్న పాలకులు వేరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పాట ఇంకా ఉంది. ఎందుకంటే, జవాబు చెప్పాల్సిన సర్కారు ప్రతి తరానికీ ఒకటి ఉంటుంది.

ఇక మన గోదావరి ఒడ్డుకు వద్దాం. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాట కట్టారు. అది ఊరూరా పాకింది. తెల్ల ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. అదే పల్లవిని రాజమండ్రికి చెందిన దళిత కవి, ‘జయభేరి’ పత్రిక నడిపిన కుసుమ ధర్మన్న అందుకున్నారు. ‘తెల్ల’ తీసి ‘నల్ల’ పెట్టారు. ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నారు. అంటరానితనం మీద, మనవాళ్ల పెత్తనం మీద కొత్త పాట పుట్టింది.

ఇది గరిమెళ్లను వెక్కిరించడమా? కానే కాదు. గరిమెళ్ల వేసిన ప్రశ్ననే ధర్మన్న చివరిదాకా తీసుకెళ్లారు. తెల్లవాడి పెత్తనం తప్పయితే, నల్లవాడి పెత్తనం ఒప్పెలా అవుతుంది? సాటి మనిషిని బావి దగ్గరికి రానివ్వని చెయ్యి జెండా పట్టుకుంటే, వచ్చే స్వరాజ్యం ఎవరిది? ధర్మన్న పాట విన్న చెవికి గరిమెళ్ల పాట మునుపటిలా వినిపించదు. తిరగకట్టిన పాటకు ఉన్న బలం ఇదే. అది తాను కొత్త అర్థం తెచ్చుకోవడమే కాదు, మొదటి పాటకూ కొత్త అర్థం తెస్తుంది.

ఈ మాట కోనసీమలోనే చెప్పాలి. 2022 మేలో, జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. పేరు నిలిచింది. మరి ధర్మన్న ప్రశ్నకు జవాబు దొరికిందా? వందేళ్లయినా ఆ పాట ఇక్కడ పాతబడలేదంటే, అది పాట గొప్పతనమే కాదు, మన సిగ్గు కూడా.

విద్యార్థి మిత్రులకు రెండు మాటలు. వేదికెక్కి ఎవరి పాటైనా పాడండి, కానీ కట్టినవాడి పేరు చెప్పి పాడండి. యాదగిరి పేరు చెప్పకుండా ఆయన పాట పాడితే, ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్నట్టే.

రెండో మాట అందరికీ. రాష్ట్రం కోసమైనా, హక్కు కోసమైనా వీధికెక్కిన ప్రతి ఉద్యమం పైవాడి పెత్తనం మీద పాట కడుతుంది. ఏదో ఒకరోజు మన పెత్తనం కింద నలిగినవాడు ఆ పాటనే మనమీదికి తిప్పి పాడతాడు. ఆ రోజు మైకు లాక్కోకండి. పక్కన నిలబడి కోరస్ అందుకోండి.