ఆ చిన్నారి చేతికున్న బ్యాండ్ చూశారా?

ఈరోజు ఒక్క ఫోటో గురించే మాట్లాడుకుందాం. వాట్సాప్‌లో మీకు ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఎండిన నేల, ఎముకలు తేలి తల వాల్చేసిన ఒక చిన్నారి, వెనకాల కూర్చున్న రాబందు.

1993లో సూడాన్ కరువు సమయంలో దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ తీసిన ఫోటో ఇది. ఆ మార్చి 26న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. 1994లో పులిట్జర్ ప్రైజ్ కూడా గెలిచింది.

దీంతోపాటు తిరిగే ఫార్వర్డ్ ఏంటంటే, పాపని రాబందు తినేసింది, ఫోటోగ్రాఫర్ పట్టించుకోకుండా వెళ్ళిపోయాడు, ఆ బాధతోనే ప్రాణం తీసుకున్నాడు అని.

సరే, ఇప్పుడు ఆ మెసేజ్ పక్కన పెట్టి ఫోటో జూమ్ చేయండి. కుడి చేతికి తెల్లటి బ్యాండ్ కనిపిస్తుందా? అది ఆహార కేంద్రంలో కట్టే బ్యాండ్. అంటే ఆ బిడ్డ పేరు అక్కడ అప్పటికే నమోదైంది. సాయం అందడం మొదలైంది. ఇదంతా ఫోటోలోనే ఉంది, కానీ మన కన్ను రాబందు దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకలా? ముందు బిడ్డ, వెనక రాబందు, మధ్యలో ఖాళీ నేల. ఇది చూడగానే మన మెదడు నెక్స్ట్ ఫ్రేమ్ తనే గీసేసుకుంటుంది. ఫార్వర్డ్ రాసినవాళ్ళు ఆ గీసుకున్న ఫ్రేమ్‌నే నిజంగా జరిగినట్టు రాసేశారు.

మరి జరిగిందేంటి? రాబందుని తరిమేశానని కార్టర్ చెప్పారు. 2011లో ఎల్ ముండో అనే స్పెయిన్ పత్రిక ఆ ఊరు వెళ్ళి తండ్రిని కలిసింది. ఆ చిన్నారి పాప కాదు, బాబు. కరువు నుంచి బయటపడ్డాడు. చాలా ఏళ్ళ తర్వాత జ్వరంతో చనిపోయాడు.

కార్టర్ 1994 జులైలో ఆత్మహత్య చేసుకున్న మాట నిజమే. కానీ ఆయన రాసిపెట్టిన ఉత్తరంలో డబ్బు ఇబ్బందులు, కళ్ళారా చూసిన హత్యలు, ఆకలి పిల్లలు, చనిపోయిన స్నేహితుడు, అన్నీ ఉన్నాయి. అదంతా ఒక్క ఫోటో మీదకి తోసేయడం ఆయనకి అన్యాయం.

అలాగని ఫోటో చూసి ఏడవడం తప్పని నేననట్లేదు. బిడ్డని ఎత్తుకుని తీసుకెళ్ళాల్సింది కదా అని అడగడం కూడా న్యాయమే. అడగండి. కాకపోతే జరగని చావుకి ఒక మనిషిని హంతకుణ్ణి చేయకండి.

మా సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే ముందు లాగ్ చూస్తాం, కారణం ఏంటన్నది తర్వాత ఊహిస్తాం. ఫోటో విషయంలోనూ అంతే. ఈసారి కోపం తెప్పించే ఫోటో వస్తే, కింద రాసింది బొటనవేలితో మూసేసి ఓ పది సెకన్లు ఫోటోనే చూడండి. మీకు కనిపించింది ఎంత, ఎవరో చెప్పింది ఎంత, మీరు కలుపుకున్నది ఎంత? తేలాక షేర్ చేయాలో వద్దో డిసైడ్ అవ్వండి.

ఆ బ్యాండ్ మీరు ముందే గమనించారా? కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!