ఫాగ్ లైటు స్విచ్చి: చలికి ముందే చూసుకోవలసిన పని

విత్తనం గురించో, ఎరువు గురించో చెప్పవలసిన మనిషి ఈ పూట కారు స్విచ్చి గురించి మాట్లాడుతున్నాడేమిటని మీకు తోచవచ్చు. నేను చదివినది వ్యవసాయ డిప్లొమాయే. మోటారు విద్య మాకు ఎవరూ చెప్పలేదు. ఈ కాస్తా హైదరాబాదు పాతబస్తీలో, జహనుమాలో ఒక ఎలక్ట్రీషియను కొట్టు ముందు బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను. అక్కడ ఎందుకు కూర్చోవలసి వచ్చిందో ముందు చెబుతాను.

కందుకూరు, మహేశ్వరం వైపు ఆకుకూరలు పండించే రైతులు కోడి కూయకముందే సరుకు కట్టలు కట్టి, శ్రీశైలం రోడ్డున తుక్కుగూడ, చాంద్రాయణగుట్ట దాటి పాతబస్తీ బజార్లకు వస్తారు. రైతుబజార్లు 1999లో మొదలైనవి. దళారి లేకుండా మన సరుకు మనమే అమ్ముకోవాలంటే పొద్దెక్కకముందే అక్కడ ఉండాలి గదా. ఆ తొందరంతా డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచులోనే జరుగుతుంది. ఆకాశం తేటగా ఉండి, గాలి ఆడక, నేల తడిగా ఉన్న రాత్రి భూమి త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలిలోని తేమ సన్నని నీటి బొట్లయి నిలుస్తుంది. చెరువుల పక్కన, తడి పెట్టిన పొలాల పక్కన ఇది మరీ దట్టం.

ఒక డిసెంబరు నెలలో నేను ఒక పెద్దాయన కారులో అలా వస్తున్నాను. పాత కారు. వెనక సీటు పీకేసి పాలకూర, కొత్తిమీర మూటలు వేశాడు. తుక్కుగూడ ఇంకా రాలేదు, మంచు కమ్మింది. ఆయన ఫాగ్ లైట్ల స్విచ్చి నొక్కాడు. పసుపు వెలుగు రోడ్డు అంచుదాకా పరుచుకుంది. పది నిమిషాలు కాలేదు, “సారూ, ఏదో కాలుతున్న వాసన వస్తలేదా?” అన్నాడు. అంతలోనే రెండు దీపాలూ టపటప కొట్టుకుని ఆరిపోయినవి. కంగారులో ఆయన పెద్ద లైటు పైకి వేశాడు. అదే తప్పు. పై వెలుగు నీటి బొట్ల మీద పడి తిరిగి మన కళ్ళలోనే కొడుతుంది, ఎదుట తెల్లగోడ కట్టినట్లుంటుంది. ఆ గోడలో నుంచి, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ఒకటి మా ముందుకు వచ్చింది. మేము దానికి జానెడు దూరంలో ఆగాము. ఆ పెద్దాయన చాలాసేపు స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు.

లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. ఎదుట 30 మీటర్లే కనపడుతుంటే, కాలు బ్రేకు మీద పడేలోపలే సగం దూరం అయిపోతుంది. మిగిలిన సగంలో బండి ఆగదు. మేము 30లో ఉన్నాము కనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను.

తెల్లవారినాక జహనుమా చేరి ఆ కొట్టు ముందు బండి పెట్టాము. ఉస్తాదు స్విచ్చి ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. వెనక ప్లాస్టిక్కు బెల్లప్పాకంలా కరిగి ఉంది. లోపలి ఇత్తడి బిళ్ళలు మసిబారినవి. “సాబ్, స్విచ్చిది తప్పు లేదు. దాంతో గాడిద మోత మోయించిండ్రు” అన్నాడు.

ఆ మోత ఎంతో చెబుతాను. ఫాగ్ బల్బులు సాధారణంగా ఒక్కొక్కటి 55 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. అంటే రెండు బల్బులకు కలిపి 9 ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. తరువాత ఎవరో బిగించిన ఆ దీపాలకు ఆ కరెంటంతా బొటనవేలంత స్విచ్చిలో నుంచే పోతున్నది. వేసిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ బిళ్ళల నడుమ చిన్న రవ్వ లేస్తుంది. రవ్వకు మసి, మసికి అడ్డు, అడ్డుకు వేడి. ఓములో పదో వంతు అడ్డు ఏర్పడినా చాలు, 8 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. వేడికి లోపలి స్ప్రింగు మెత్తబడుతుంది, బిళ్ళ వదులవుతుంది, రవ్వ ఇంకా పెద్దదవుతుంది.

దీనికి మందు రిలే. ఈ పేరు కొత్తగా ఉన్నా పని మీకు తెలిసినదే. బావి మోటారు స్టార్టరులో పచ్చబటను నొక్కుతారు. మోటారు తాగే కరెంటంతా మీ వేలి కింది బటనులో నుంచి పోతుందా? పోదు. బటను కాయిలుకు మాత్రమే కరెంటు ఇస్తుంది, కాయిలు లోపలి పెద్ద కాంటాక్టులను లాగుతుంది, బరువంతా అవి మోస్తాయి. కారులో రిలే అంతే. స్విచ్చి రిలే కాయిలుకు సైగ చేస్తుంది, బ్యాటరీ నుంచి దీపాలకు పోయే కరెంటును రిలే మోస్తుంది. నాలుగు కాళ్ళ రిలే మీద అంకెలుంటాయి: 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ తీగ, 87కు దీపాల తీగ, 85, 86 కాయిలువి. ఆ ఫ్యూజు 15 ఆంపియర్లది చాలు, అది బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. మనలో కొందరు మోటారు ఫ్యూజు పోతే రాగితీగ చుట్టి పని గడుపుకుంటారు. కారులో ఆ తెలివి పనికిరాదు, తీగలన్నీ అంటుకుంటాయి.

ఇక దీపం వెలగనప్పుడు తప్పు ఎక్కడుందో ఎట్లా పట్టుకోవాలి? ముందుగా పార్కింగు లైటు వేసి చూడండి. చాలా కార్లలో అది వేస్తేనే ఫాగ్ లైటు వెలిగేటట్లు కట్టి ఉంటుంది. ఈ సంగతి తెలియక మంచి స్విచ్చిని పారేసినవారున్నారు. ఒక దీపం వెలిగి ఒకటి వెలగకపోతే స్విచ్చి జోలికే పోవద్దు. ఆ బల్బో, హోల్డరో, బాడీకి బిగించిన ఎర్తు తీగో చూడాలి. రెండూ వెలగకపోతే ఫ్యూజు చూసి, తరువాత స్విచ్చి నొక్కుతూ రిలే దగ్గర చెవి పెట్టండి. ‘టిక్’ అంటే స్విచ్చి పని చేస్తున్నట్లే, తప్పు అవతల ఉంది. అనకపోతే టెస్టు ల్యాంపు ఒక కొసను ఎర్తుకు పెట్టి, రెండో కొసతో స్విచ్చికి వచ్చే తీగనూ పోయే తీగనూ తాకి చూడండి. వచ్చేదానిలో వెలిగి, స్విచ్చి వేసినా పోయేదానిలో వెలగకపోతే అప్పుడు దోషం స్విచ్చిదే. కొన్నిటిలో స్విచ్చి తీగను ఎర్తుకు కలుపుతారు. అలాంటివి, స్టీరింగు కాడకు ఉండే స్విచ్చిలు ఉస్తాదుకే వదలండి. కొత్త కార్లలో అక్కడ ఎయిర్‌బ్యాగు ఉంటుంది, చేయి పెట్టరాదు.

డ్యాషుబోర్డు స్విచ్చిని విప్పేముందు బ్యాటరీ నెగెటివు తీగ ఊడదీయవలెను. స్విచ్చి సీలు వేసినదైతే విప్పడానికి వీలుండదు, మార్చడమే. విప్పగలిగినదైతే గుడ్డ పరచి దాని మీద విప్పండి, స్ప్రింగు ఎగిరిపోతే దొరకదు. కాంటాక్టు క్లీనరు కొట్టి నూలుగుడ్డతో తుడిస్తే చాలావరకు మసి పోతుంది. కిరసనాయిలు, పెట్రోలు వద్దు. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే బిళ్ళ మీది పూత పోయి, నెల తిరిగేసరికి మళ్ళీ మాడుతుంది. ప్లాస్టిక్కు కరిగిన స్విచ్చిని బాగుచేయాలని చూడవద్దు. తీగ కొస నల్లబడితే మెరిసే రాగి కనపడేదాకా కోసి కొత్త లగ్గు వేయాలి.

మన బండ్లకు మరో పీడ ఉన్నది, అది పట్నం కార్లకు లేదు. అదే కారులో యూరియా బస్తాలు తెస్తాము. ఎరువు పొడి తేమ పీల్చి అమోనియా వదిలితే రాగికీ ఇత్తడికీ చిలుము పడుతుంది. పైగా ఆకుకూర మూటల నుంచి నీరు కారుతూనే ఉంటుంది. ఎరువు దించిన రోజు బండి లోపల ఊడ్చి, తలుపులు తెరిచి ఆరబెట్టండి. ఇంజను వైపు ఎర్తు బోల్టుకు కొంచెం వాసెలిను రాయండి. ఎలుకలు తీగలు కొరకకుండా ధాన్యం గింజలు బండిలో మిగల్చకండి. వేసవిలో కూడా వారానికొకసారి స్విచ్చి వేసి తీస్తుంటే బిళ్ళలు బిగుసుకోవు. దసరాకు బండి కడిగి పూజ చేస్తాము గదా, ఆ నాడే ఫాగ్ లైట్లు పది నిమిషాలు వెలిగించి స్విచ్చి మీద చేయి పెట్టి చూడండి. వేడి తగిలితే చలి రాకముందే చూపించుకోవడానికి ఇంకా నెల వ్యవధి ఉంటుంది.

ఆ పెద్దాయన కారుకు ఆ రోజు రిలే, ఫ్యూజు, కొత్త స్విచ్చి పడినవి. పని ముగిసేసరికి పదిన్నర. పాలకూర వాడి సగం ధరకు పోయింది. కొత్తిమీర కట్టలు నాలుగు ఉస్తాదు ఇంటికి పంపి, మిగిలినవి అక్కడే జహనుమా రోడ్డు పక్కన గోనెపట్టా పరచి అమ్ముకున్నాడు.